మన చిన్న కంపెనీ ఇంటర్నెట్ ఫోన్ల వ్యాపారంలోకి దిగే ముందు బోర్డు వాళ్ళకి ఒక బహిరంగ లేఖ

డైరెక్టర్ల బోర్డు వారికి, అలాగే నాలాంటి చిన్న వాటాదార్లందరికీ,

నమస్కారమండి. నేను మన కంపెనీలో తొమ్మిదేళ్ళ నుంచి షేర్లు పెట్టుకుని కూర్చున్న మనిషిని. పెద్ద సంఖ్య కాదు, నా ఓటుతో ఏ తీర్మానమూ ఆగదు, అది నాకూ తెలుసు. ఆఫీసులకి కేబులింగ్ వేసి, నెట్‌వర్క్ బిగించి, ఏడాదికింతని మెయింటెనెన్స్ డబ్బులు తీసుకునే కంపెనీ మనది. గొప్పగా ఎదిగిందీ లేదు, అప్పులపాలైందీ లేదు, ఆ నెమ్మదితనం నచ్చే నేను కొన్నాను. ఇప్పుడు మీరు సడెన్‌గా ఇంటర్నెట్ టెలిఫోనీలోకి, అంటే ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ నడిపే వ్యాపారంలోకి దిగుతున్నాం, దానికోసం రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదార్లకే కొత్త షేర్లు అమ్మి డబ్బు సేకరించడం) వేస్తున్నాం అని ప్రకటించారు, షేరు వారం రోజుల్లో ఎగిరింది, మెసేజ్ గ్రూపుల్లో అందరూ లెక్కలు కట్టేస్తున్నారు. నేను మాత్రం ఆ ప్రకటన నాలుగుసార్లు చదివి ఈ ఉత్తరం రాస్తున్నా. ఎందుకంటే ఈ షేర్లు కొనకముందు కొన్నేళ్ళు ఇదే వ్యాపారంలో, ఒక చిన్న కంపెనీ బిల్లింగ్ సెక్షన్‌లో పనిచేశాను. డబ్బు ఎటు నుంచి వస్తుందో, ఎటు నుంచి కారిపోతుందో రెండూ కళ్ళారా చూశాను.

మీ ప్రకటనలో నన్ను బాగా భయపెట్టిన మాట "తక్కువ పెట్టుబడితో". మీరు దాన్ని ప్లస్ పాయింట్‌గా రాశారు, నాకు అదే అసలు ప్రమాదంలా కనిపిస్తోంది. నిజమే, ఇవాళ ఫోన్ ఎక్స్ఛేంజ్ పెట్టడానికి బిల్డింగ్ నిండా పరికరాలు అక్కర్లేదు, ఎక్స్ఛేంజ్ పని చేసిపెట్టే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ 1999 నుంచీ ఉచితంగా దొరుకుతోంది, ఇంటర్నెట్ కాల్స్ కలిపే సిప్ ప్రోటోకాల్ అందరికీ తెరిచి ఉన్న స్టాండర్డ్, ఒక అద్దె సర్వరు తీసుకుని పని తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుంటే వారంలో కాల్ మోగించేస్తారు. అయితే ఆ ఇద్దరు కుర్రాళ్ళు మన దగ్గరే ఉండరు కదా సార్, ప్రతిచోటా ఉంటారు. తలుపు మనకోసం తెరిచి ఉందంటే ఊళ్ళో వాళ్ళందరికీ తెరిచే ఉన్నట్టు. అలాంటి చోట లాభం ఎక్కడ నిలుస్తుంది? కాల్స్ కలిపే స్విచ్ పెట్టడానికి అయ్యే ఖర్చు తక్కువే, కస్టమర్‌ని తెచ్చుకోడానికీ, తెచ్చుకున్నవాణ్ణి నిలబెట్టుకోడానికీ అయ్యే ఖర్చు మీ ప్రెజెంటేషన్‌లో ఎక్కడా లేదు.

వోనేజ్ సంగతి బోర్డులో ఒక్కరైనా గుర్తుచేశారా? అమెరికాలో ఈ వ్యాపారానికి మారుపేరులా వెలిగిన కంపెనీ అది. 2005లో వాళ్ళ ఆదాయం సుమారు 26.9 కోట్ల డాలర్లు, మార్కెటింగ్ ఖర్చు సుమారు 24.3 కోట్ల డాలర్లు, ఆ ఏడాది నష్టం 26 కోట్ల పైన. అంటే వచ్చిన రూపాయిలో దాదాపు తొంభై పైసలు కొత్తవాళ్ళని పిలవడానికే పోయాయి, నెట్‌వర్కూ జీతాలూ ఆ పైన. 2006 మే నెలలో షేరు 17 డాలర్లకి ఐపీఓకి, అంటే మొదటిసారి జనానికి అమ్మకానికి, వచ్చింది, తమ ఫోన్ వాడే కస్టమర్లకి కూడా షేర్లు కొనుక్కునే అవకాశం ఇచ్చారు, మొదటి రోజే దాదాపు 13 శాతం పడింది. 2008 చివరికి అదే షేరు ఒక్క డాలర్ కన్నా కిందకి పోయింది. న్యాయంగా మిగతా కథ కూడా చెప్పాలి, ఆ కంపెనీ మునిగిపోలేదు, ఇళ్ళ ఫోన్ల నుంచి బిజినెస్ కస్టమర్ల వైపు మళ్ళి బతికి బట్టకట్టింది, 2022లో టెలికాం పరికరాల కంపెనీ ఎరిక్సన్ వాళ్ళు షేరుకి 21 డాలర్లిచ్చి కొనుక్కున్నారు. అంటే ఐపీఓలో కొని గుండె చిక్కబట్టుకుని పదహారేళ్ళు ఆగినవాడికి 17 కాస్తా 21 అయింది. ఇది ఆ రంగంలో గెలిచిన కంపెనీ కథండీ, ఓడినవాళ్ళది కాదు.

ఓడినవాళ్ళ కథ కావాలంటే సన్‌రాకెట్. వీళ్ళు ఏడాదికి 199 డాలర్లు ముందే కట్టేయండి, ఇక ఫోన్ బిల్లు మర్చిపోండి అన్నారు. జనం బారులు కట్టారు, చేరినవాళ్ళు రెండు లక్షలు దాటారు. ముందుగా వచ్చిన డబ్బు చేతిలో కనిపిస్తుంటే కంపెనీ దిట్టంగానే ఉన్నట్టుంటుంది, కానీ ఆ డబ్బు మనది కాదు, రాబోయే పన్నెండు నెలలు సర్వీస్ ఇస్తామని చేసిన బాకీ. దాన్ని కొత్తవాళ్ళని తేవడానికి తగలేస్తే పాతవాళ్ళ కాల్స్‌కి మళ్ళీ కొత్తవాళ్ళ డబ్బే కావాలి. 2007 జులైలో ఒకరోజు ఉన్నట్టుండి మూతపడింది, కస్టమర్లు తమ ఫోన్ నంబరు ఎలా కాపాడుకోవాలా అని పరిగెత్తారు. మీ ప్లాన్‌లో కూడా "వార్షిక ప్రీపెయిడ్ ప్యాక్‌లు, తద్వారా బలమైన నగదు ప్రవాహం" అని ఒక లైన్ ఉంది. ఆ లైన్ రాసిన మనిషి సన్‌రాకెట్ పేరు వినలేదనుకుంటా.

ఇక మినిట్స్ వ్యాపారం. ఇది కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మీ ఆదాయం అంచనాలో సగానికి పైగా ఇదే, హోల్‌సేల్ టర్మినేషన్. బయటివాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఒకడి దగ్గర కాల్స్ ఉంటాయి, ఇంకొకడి దగ్గర ఆ దేశంలో ఫోన్ మోగించే రూట్ ఉంటుంది, మనం మధ్యలో నిలబడి నిమిషం ఇంతకి కొని ఇంకొంచెం ఎక్కువకి అమ్ముతాం. మార్జిన్ ఎంతో తెలుసా, సెంటులో పదో వంతు దొరికినా పండగే. టర్నోవర్ మాత్రం కొండంత కనిపిస్తుంది, అందుకే షేర్ మార్కెట్‌కి చూపించడానికి బాగుంటుంది. తమాషా ఏంటంటే పైన రూట్ ఇచ్చేవాడు చిన్న కంపెనీని నమ్మడు, ముందే డబ్బు వెయ్యమంటాడు, లేదా డిపాజిట్ పెట్టించుకుని వారం వారం బిల్లు వసూలు చేస్తాడు. కింద కాల్స్ పంపేవాడేమో నెలాఖరు బిల్లు, దాని మీద ఇంకో నెల టైము అంటాడు. ఈ మధ్య గ్యాప్ ఎవరు పూడుస్తారు? మనమే. వ్యాపారం పెరిగే కొద్దీ ఆ గొయ్యి కూడా పెరుగుతుంది. కింద ఒక్కడు ఎగ్గొడితే, వాడి ఒక్క బిల్లు పూడ్చుకోడానికి దానికి వంద రెట్ల ట్రాఫిక్ అమ్మాలి, ఎందుకంటే మన మార్జిన్ అంత సన్నం. ఇది టెక్నాలజీ వ్యాపారం కాదండీ, ఫోన్ వైరు చుట్టుకున్న వడ్డీ వ్యాపారం. కాకపోతే వడ్డీ లేదు, అప్పులివ్వడం మాత్రం ఉంది.

నేను పనిచేసిన చోట జరిగింది చెప్తా, పేరు వద్దు. ఒక శుక్రవారం సాయంత్రం అందరం ఇళ్ళకి పోయాం. మా కస్టమర్ ఆఫీసులో ఒక పీబీఎక్స్, అంటే ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజ్, అందులో ఒక ఎక్స్‌టెన్షన్‌కి పాస్‌వర్డ్ ఏంటంటే ఆ ఎక్స్‌టెన్షన్ నంబరే. రాత్రి ఎవడో లోపలికి దూరి ఒకేసారి పదుల లైన్లు తెరిచి, ఎక్కడో సముద్రం మధ్యలో ఉండే దీవుల ప్రీమియం నంబర్లకి కాల్స్ మొదలెట్టాడు, ఆ నంబర్ల మీద వచ్చే డబ్బులో వాడికి వాటా ఉంటుంది, అందుకని ఎవరూ మాట్లాడక్కర్లేదు, కాల్ కనెక్ట్ అయి నిలబడితే చాలు. శనివారం, ఆదివారం అలా నడుస్తూనే ఉంది. సోమవారం పొద్దున నేను సీడీఆర్‌లు, అంటే ఏ కాల్ ఎటు ఎంతసేపు పోయిందో చెప్పే లెక్కలు, తీసి చూస్తే ముందు సాఫ్ట్‌వేర్ తప్పేమో అనుకున్నా, ఆ కస్టమర్ ఏడాది మొత్తం చేసే కాల్స్ కన్నా ఎక్కువ ఆ రెండ్రోజుల్లో ఉన్నాయి. కస్టమర్ "మేం చేయలేదు, మేం కట్టం" అన్నాడు. పైన రూట్ ఇచ్చినవాడు "కాల్స్ వెళ్ళాయి, డబ్బు కట్టు" అన్నాడు, కట్టకపోతే రూట్ మూసేస్తానన్నాడు, మూస్తే మిగతా కస్టమర్లూ పోతారు. మూడు నెలల లాభం ఆ ఒక్క వీకెండ్‌కి పోయింది. ఆ తర్వాత ప్రతి అకౌంట్‌కి రోజువారీ లిమిట్ పెట్టాం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. మీ డాక్యుమెంట్‌లో "ఫ్రాడ్" అనే మాట వెతికాను, ఒక్కసారీ దొరకలేదు. శని ఆదివారాలు రాత్రి షిఫ్ట్‌లో ఎవరు కూర్చుంటారో కూడా లేదు.

బయటి నుంచి వచ్చే దెబ్బలు వేరే. 2021 సెప్టెంబర్‌లో వీఓఐపీ.ఎంఎస్ అనే కెనడా కంపెనీ మీద డీడాస్ దాడి (దొంగ ట్రాఫిక్‌తో సర్వర్లని ముంచెత్తడం) చేసి డబ్బు డిమాండ్ చేశారు, రోజుల తరబడి కస్టమర్ల ఫోన్లు మోగలేదు. అదే నెలలో అమెరికాలో బ్యాండ్‌విడ్త్ అనే పెద్ద ప్రొవైడర్ మీదా పడింది, ఆ ఏడాది ఆదాయంలో 90 లక్షల నుంచి 1.2 కోట్ల డాలర్ల దాకా తగ్గొచ్చని వాళ్ళే లెక్క చెప్పారు. బ్యాండ్‌విడ్త్ అంతటిది తట్టుకుంది. అదే వారం పాటు మన ఫోన్లు మోగకపోతే మన కేబులింగ్ కస్టమర్లు కూడా మనల్ని చూసి తలుపేసుకుంటారు. నా భయం ఇదే ఎక్కువ, కొత్త వ్యాపారం పోవడం కాదు, దాని మూలంగా పాత వ్యాపారం పేరు పోవడం. వైరు లాగడం ఆలస్యమైతే కస్టమర్ విసుక్కుంటాడు, ఫోన్ పనిచేయకపోతే కస్టమర్ వ్యాపారమే ఆగిపోతుంది, రెండు కోపాలూ ఒకటి కాదు.

క్వాలిటీ గురించి ఎక్కువ రాయను, మన ఇంజినీర్లకి తెలుసు. మాట ఒకవైపు నుంచి ఇంకోవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు, కానీ ఆ మాటని మోసే డేటా పేకెట్లు ప్రయాణం చేసే దారి మనది కాదు. కస్టమర్ ఇంటర్నెట్ ఎవరి దగ్గరో, మధ్యలో ఇంకెవరో, గొంతు తెగిపోతే మాత్రం తిట్లు మనకి. పైగా ఆ ఇంటర్నెట్ అమ్మేవాడే ఫోన్ సర్వీస్ కూడా అమ్ముతుంటాడు. 2005లో అమెరికాలో మాడిసన్ రివర్ అనే చిన్న టెలిఫోన్ కంపెనీ తన ఇంటర్నెట్ కస్టమర్లు వాడుకుంటున్న ఇంటర్నెట్ ఫోన్ ట్రాఫిక్‌ని ఏకంగా బ్లాక్ చేసింది, అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కలగజేసుకుంటే 15,000 డాలర్లు కట్టి మానుకుంది. అక్కడ అడగడానికి ఒక రెగ్యులేటర్ ఉండి వెంటనే కదిలాడు కాబట్టి సరిపోయింది. పోటీదారుడి ఇంట్లో అద్దెకుండి వాడితోనే పోటీ పడటం ఈ వ్యాపారం.

రూల్స్ సంగతీ అంతే, మనం దిగిన రోజు ఉన్న రూల్స్ మనం లాభం చూసే రోజుకి ఉండవు. ఇంటర్నెట్ ఫోన్ నుంచి ఎమర్జెన్సీ నంబర్‌కి కాల్ చేస్తే ఆ మనిషి ఏ అడ్రస్‌లో ఉన్నాడో తెలియాలి కదా, 2005లో ఎఫ్‌సీసీ ఆ బాధ్యత ప్రొవైడర్ల మీద పెట్టి 120 రోజులే టైమిచ్చింది. తర్వాత ఏడాది మారుమూలలకీ పేదలకీ ఫోన్ అందించే యూనివర్సల్ సర్వీస్ ఫండ్‌కి మీరూ చందా కట్టాలంది. 2021 నుంచి దొంగ నంబర్ల కాల్స్ ఆపడానికి స్టిర్ షేకెన్ అనే నంబర్ తనిఖీ పద్ధతి పెట్టమంది, చిన్నవాళ్ళకి కొంత గడువిచ్చింది కానీ మినహాయింపు కాదు. ఇందులో ఏదీ తప్పని నేననను, ఎమర్జెన్సీ కాల్ వెళ్ళకపోతే ప్రాణాలు పోతాయి. కానీ ఇలాంటి ఆర్డర్ల కోసం చేసుకోవాల్సిన ఏర్పాట్ల ఖర్చు పెద్ద కంపెనీకీ చిన్న కంపెనీకీ దాదాపు ఒకటే, పంచుకోడానికి వాళ్ళకి కోట్ల లైన్లు, మనకి కొన్ని వేలు. ఒక్కో దేశంలో ఒక్కో లైసెన్స్, కొన్ని చోట్ల అసలు అనుమతే లేదు, మీ ప్రెజెంటేషన్‌లోనేమో ప్రపంచ పటం మీద రంగులు పూసేశారు.

పేటెంట్ల గురించి ఒక ప్రశ్న. వోనేజ్ మీద అమెరికా టెలికాం దిగ్గజం వెరైజన్ పేటెంట్ కేసు వేస్తే 2007లో జ్యూరీ 5.8 కోట్ల డాలర్లు కట్టమంది, అదే ఏడాది స్ప్రింట్ అనే ఇంకో టెలికాం కంపెనీతో 8 కోట్ల డాలర్లకి రాజీ చేసుకున్నారు. మనంత చిన్నవాళ్ళకి తీర్పు దాకా కూడా అక్కర్లేదు, లాయర్ ఫీజుకే దివాలా. ఆన్‌లైన్ అమ్మకాల ఈబే అంత పెద్ద కంపెనీ 2005లో 260 కోట్ల డాలర్లు పెట్టి ఇంటర్నెట్ కాల్స్ కంపెనీ స్కైప్‌ని కొని, రెండేళ్ళకే దాదాపు 140 కోట్లు నష్టం కింద రాసేసుకుంది. అంతకన్నా విచిత్రం, స్కైప్ లోపల నడిచే అసలు టెక్నాలజీ మాత్రం ఈబే చేతికి రాలేదు, అది స్కైప్ పెట్టినవాళ్ళకే చెందిన జోల్టిడ్ అనే వేరే కంపెనీ దగ్గర ఉండిపోయింది, లైసెన్స్ గొడవ కోర్టు దాకా పోయి 2009లో గానీ తెగలేదు. ఇప్పుడు మీరు "టెక్నాలజీ భాగస్వామి" అని రాశారే, ఆ భాగస్వామి ఎవరు, సోర్స్ కోడ్ ఎవరి పేరున ఉంది, రేపు వాళ్ళతో చెడితే మన కస్టమర్ల నంబర్లు ఎవరి చేతిలో ఉంటాయి, బోర్డులో ఎవరికైనా ఆ కంపెనీతో చుట్టరికం ఉందా? నేనేదో అనుమానపడి అడగట్లేదు, పేరు రాయకుండా వదిలేశారు కాబట్టి అడుగుతున్నా.

మీ అయిదేళ్ళ అంచనాలో నిమిషం ధర మొదటి ఏడాది ఎంత ఉందో అయిదో ఏడాదీ అంతే ఉంది. ఇది చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ రంగంలో ధర ఒక్క దిక్కుకే నడిచింది, కిందకి. 2003లో స్కైప్ వచ్చి కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి ఫ్రీ అంది, 2015లో వాట్సాప్ కాల్స్ వచ్చి ఫోన్ నుంచి ఫోన్‌కీ ఫ్రీ అయ్యింది. చివరికి ఆ స్కైప్‌నే, 850 కోట్ల డాలర్లు పోసి కొన్న మైక్రోసాఫ్ట్ 2025 మేలో మూసేసింది. ఊరికే వచ్చేదాన్ని మనం దేనికి అమ్ముతామో, ఎవరు కొంటారో చెప్పాలి కదా. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అంటారే, ఇక్కడ పులే వాతలు మానేసి వెళ్ళిపోయింది.

ఇంత రాశానని అసలు దిగొద్దంటున్నానని అనుకోకండి. మనకి ఒక్క బలం ఉంది, మీ డాక్యుమెంట్‌లో దాని గురించి రెండే లైన్లున్నాయి. మన వైర్లు ఇప్పటికే కొన్ని వందల ఆఫీసుల గోడల్లో ఉన్నాయి, ఏ ఆఫీసు నెట్‌వర్క్ స్విచ్ ఎక్కడుందో, ఎవరి నెట్ ఎప్పుడు మొరాయిస్తుందో మన కుర్రాళ్ళకి తెలుసు. వాళ్ళకి రిసెప్షన్ ఐవీఆర్ (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే గొంతు), కాల్ రికార్డింగ్, బ్రాంచ్‌ల మధ్య ఎక్స్‌టెన్షన్లు ఇలాంటివి నెలకింతని సీటు లెక్కన అమ్మొచ్చు. కాల్స్ కలిపే స్విచ్ మనది కాకపోయినా ఫర్వాలేదు, పెద్ద ప్రొవైడర్ దగ్గర తీసుకుని మన పేరు మీద ఇవ్వొచ్చు, మార్జిన్ తక్కువైనా మునగం. కొత్తవాణ్ణి తేవడానికి యాడ్ ఖర్చు ఉండదు, మెయింటెనెన్స్‌కి వెళ్ళిన మనిషే మాట్లాడొస్తాడు. ఇది బోరింగ్‌గా ఉంటుంది, షేరు ఎగరదు. హోల్‌సేల్ మినిట్స్ జోలికి మాత్రం పోవద్దు, అది ఎవరి చేతిలో బాగా డబ్బుందో వాళ్ళ ఆట.

ఒకవేళ పోయి తీరతాం అంటే, వేరే సబ్సిడరీ, అంటే పిల్ల కంపెనీ, పెట్టండి, దాని అప్పులకి మన కంపెనీ గ్యారంటీ ఇవ్వకండి. ఎంత డబ్బు పోయేదాకా ఆడతారో ఆ అంకె ఇప్పుడే, ఓటింగ్‌కి ముందే రాసివ్వండి, ఆ అంకె దగ్గరికి రాగానే మమ్మల్ని అడక్కుండా ఇంకో రూపాయి వెయ్యకూడదు. ప్రతి మూడు నెలలకీ టర్నోవర్ కాదు, ఎంతమంది కస్టమర్లు వదిలి వెళ్ళారో, ఒక్కో కొత్త కస్టమర్‌కి ఎంత ఖర్చయిందో, రావాల్సిన బాకీలు ఎన్ని రోజుల పాతవో వేయండి. ప్రకటన వచ్చాక షేరు ఎగిరిన ఆ వారంలో డైరెక్టర్లు ఎవరైనా తమ షేర్లు అమ్మారా అన్నది కూడా ఒక్క లైన్‌లో చెప్తే సంతోషిస్తాం. మా అందరి దగ్గరా రైట్స్‌కి డబ్బు అడుగుతున్నారు, మీలో ఎవరెవరు తమ వాటాకి పూర్తిగా కడుతున్నారో కూడా చెప్పండి.

రైట్స్ ఫారం నా టేబుల్ మీదే ఉంది, ఇంకా నింపలేదు. ఆ పరిమితి అంకె, భాగస్వామి పేరు, ఈ రెండూ వచ్చిన రోజు కూర్చుని లెక్కేసుకుంటా. రాకపోతే జనరల్ బాడీ మీటింగ్‌లో మైకు నా వరస దాకా వచ్చినప్పుడు ఇవే రెండు ప్రశ్నలు అడుగుతా, టైమ్ అయిపోయిందని టీ బ్రేక్ ఇచ్చేయకండి.

ఇట్లు,
తొమ్మిదేళ్ళ పాత వాటాదారు ఒకరు